బకెట్టుతో పోట్లాట లెక్కలోకి రాదు

మన ఇల్లు, వెనక వరండా

నత్తమ్మకి,

కోపం తగ్గించుకోమని నేను నీకు చిన్నప్పుడే నేర్పానని రాశావు. అబద్ధం. ఆ మాట అన్నది మీ నాన్న. పక్కింటి పిల్ల నీ రంగు పెన్సిళ్ళు ఎత్తుకుపోతే, "పోనీలేమ్మా, పంతాలు మంచివి కావు" అని నీ తల నిమిరినవాడు వాడు. నువ్వు నత్తలా తలుపు వెనక ముడుచుకుంటే, ఆ ఇంటికి వెళ్ళి పెన్సిళ్ళు తెచ్చినదాన్ని నేను. నా కొడుకు సుగుణాలు నాకు అంటగట్టకు.

ఇక నీ గోడు. పై చదువుల ప్రవేశపరీక్షకి ఇంగ్లీషు మాటలు పొద్దున బట్టీపడితే సాయంత్రానికి ఎగిరిపోతున్నాయన్నావు. పోవూ మరి! మీ కోచింగ్ మాస్టారు చెప్పే పద్ధతి చదివి నాకు ఒళ్ళు మండింది. గారులస్ అంటే వాగుడుకాయ అని గుర్తుండటానికి గొరిల్లా ఒకటి ఆగకుండా వాగుతున్నట్టు ఊహించుకోవాలా? పరీక్ష హాల్లో నీకు గొరిల్లా గుర్తుంటుంది, మాట గుర్తుండదు. డబ్బులు పుచ్చుకుని పిల్లల బుర్రల్లో జూ పెడుతున్నాడు.

నేను ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నానో విను. కాలేజీలో చరిత్ర చెప్పడానికి చేరిన కొత్తలో ఆడ లెక్చరర్లకి బాత్రూము లేదు. ప్రిన్సిపాలుకి తెలుగులో చెబితే నవ్వేవాడు. ఇంగ్లీషులో అర్జీలు రాయడం మొదలుపెట్టాను. ప్రతి అర్జీకీ నిఘంటువులోంచి ఇంకాస్త పదునైన మాట తీసేదాన్ని. చివరికి బాత్రూము కట్టారు. దాంతోపాటు 'డిప్లోరబుల్', అంటే సిగ్గుచేటు, అనే మాట నాకు దక్కింది. బాత్రూము తలుపు తుప్పు పట్టింది గాని ఆ మాట పట్టలేదు.

కాబట్టి ఇవాళ్టి నుంచి నీకు నా పద్ధతి. ఒక మాట నీదయ్యేది దాన్ని నిజమైన తగాదాలో వాడినప్పుడే. ఆ తగాదాలో న్యాయం నీ వైపు ఉండాలి. ఎదుటి మనిషి వినాలి, తిరిగి ఒక మాట అనాలి. అప్పుడే నేర్చుకున్నట్టు లెక్క.

ఫోను చెయ్యకు. ఫోనులో నీ మాటల్లో సగం 'ఊ', తక్కిన సగం 'సరే'. ఆ రెండూ ఉత్తరంలో రాస్తే కాగితం దండగని నీకే తెలుస్తుంది. నేనిచ్చిన సిరాపెన్నుతో రాయి.

నాన్నమ్మ

~

ఆడవాళ్ళ హాస్టలు, రెండో అంతస్తు

నాన్నమ్మకి నమస్కారాలు.

నీ పద్ధతి మొదలుపెట్టాను. మొదట వార్డెన్ దగ్గరికి వెళ్ళాను. స్నానాల గదిలో కుళాయి కారుతోందని చాలాసార్లు చెప్పినా పట్టించుకోవడం లేదు కదా, ఆవిడని 'కాలస్' అందామనుకున్నాను. అంటే జాలిలేని మనిషి అని. తలుపు దాకా వెళ్ళాక ఆవిడే, "ఏమ్మా, ఏం కావాలి?" అంది. "ఏం లేదండీ, టైమెంతయింది?" అని అడిగి వచ్చేశాను. తర్వాత స్నానాల గదిలో బకెట్టుని నిలదీశాను. కాలస్ అన్నాను, నెగ్లిజెంట్ అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఇది లెక్కలోకి వస్తుందా?

ల్యాబులో నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఊళ్ళో కుళాయి నీళ్ళు సీసాల్లో వస్తాయి, మేం క్రిములున్నాయేమో చూస్తాం. మా పెద్దసారు మంచివారే. ఆయనకి ఇంగ్లీషులో రాయడం ఇష్టం ఉండదు, అందుకని హెడ్డాఫీసుకి వెళ్ళే ఉత్తరాలన్నీ నాతో రాయిస్తారు. నాకూ ప్రాక్టీసవుతుంది కదా.

ఒక సంగతి జరిగింది. ఒక పేటలో జనానికి మాటిమాటికీ కడుపునొప్పులు, వాంతులు. మా పరీక్షల్లో మాత్రం అక్కడి నీళ్ళు ఎప్పుడూ శుభ్రం. నాకు నిద్ర పట్టలేదు. సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చే వ్యానులో నేనూ వెళ్ళాను. సీసా అడుగున ముందే చిటికెడు మందు వేసి ఉంచుతాం నాన్నమ్మా. నీళ్ళల్లోని క్లోరిన్‌ని అది అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆపకపోతే దారిలో ఆ క్లోరినే క్రిములని చంపేసి, ల్యాబుకి వచ్చేసరికి మురికినీళ్ళు కూడా మంచినీళ్ళలా కనిపిస్తాయి. అక్కడికెళ్ళి చూస్తే ఏముంది? సీసాలు పట్టేవాళ్ళు పాపం శుభ్రమైన మనుషులు. ప్రతి సీసానీ కుళాయి కింద బాగా కడిగి మరీ పడుతున్నారు. కడుగుతున్నారు కాబట్టి మందు పోతోంది. మందు పోయింది కాబట్టి మురికి దాక్కుంటోంది!

కడగకుండా పట్టించాను. నిజం బయటపడింది. ఆ పేటలో పగిలిన పైపు దొరికింది. రిపోర్టు మొత్తం నేనే రాశాను. పెద్దసారు పేరు మీద వెళ్ళింది. ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది, గోడకి పెట్టుకున్నారు. పరవాలేదులే.

నీ నత్తమ్మ

~

వెనక వరండా

నత్తమ్మకి,

బకెట్టు తిరిగి ఏమైనా అందా? అనలేదు. కాబట్టి లెక్కలోకి రాదు.

ఆ 'పరవాలేదులే' అనే మాట చూశాక నాకు అన్నం సహించలేదు. ఎవరికి పరవాలేదు? వ్యానులో కుదుపులు తిన్నది ఎవరు, కుళాయి కుళాయికీ తిరిగింది ఎవరు, రిపోర్టు రాసింది ఎవరు? పత్రం వేలాడేది ఎవరి గోడకి? ఊరి మురికి సీసాలో ఎలా దాక్కుంటుందో కనిపెట్టావు కదా. మరి నీ పై అధికారి నీ పని వెనక ఎలా దాక్కుంటున్నాడో కనిపించలేదా? "మంచివారే" అట! నీ పని కాజేసినవాడు మంచివాడైతే, నీ పెన్సిళ్ళు ఎత్తుకుపోయిన ఆ పిల్ల దేవత.

ఇక్కడ నేను కూడా నీతోపాటు నేర్చుకుంటున్నాను. మీ నాన్న నిన్న భోజనాల దగ్గర, "ఉన్న ఉద్యోగం చాలదా అమ్మా, మళ్ళీ చదువెందుకు దానికి? లేనిపోని ఆశలు పెట్టకు" అన్నాడు. "నువ్వు వట్టి ఒబ్డ్యురేట్‌వి" అన్నాను. బండరాయికైనా కరుగుదల ఉంటుంది గాని ఆ రకానికి ఉండదని అర్థం. వాడు ముద్ద దించి, "నన్ను పొగిడావా, తిట్టావా?" అన్నాడు. అర్థం చెప్పాను. చెంబు ఠక్కున పెట్టి లేచిపోయాడు. విన్నాడు, తిరిగి అన్నాడు, న్యాయం నా వైపుంది. ఒబ్డ్యురేట్ నాదైపోయింది. కావాలంటే నువ్వు అరువు తీసుకో.

రిపోర్టు సంగతి ఇంతటితో వదిలేశానని అనుకోకు. పరీక్ష అయ్యేదాకా ఆగుతున్నాను, అంతే.

నాన్నమ్మ

~

హాస్టలు

నాన్నమ్మకి నమస్కారాలు.

పరీక్ష బాగా రాశాను. మార్కులు కూడా వచ్చాయి. మాటల విభాగంలో మా కోచింగ్‌లో నాకే ఎక్కువట, మాస్టారు మెచ్చుకున్నారు. ఒబ్డ్యురేట్ వచ్చింది! మీ తల్లీకొడుకుల తగాదా గుర్తొచ్చి నవ్వుకుంటూ రాశాను.

ఇక దరఖాస్తు పంపడమే. దానికి పనిచేసే చోటి నుంచి రికమెండేషన్ లెటరు కావాలి. పెద్దసారు ఇస్తానన్నారు. ఇక్కడ అంతా బాగానే ఉంది. వానలు పడుతున్నాయి. భోజనం బాగుంది. వార్డెన్ కూడా బాగానే ఉంది. నాన్నకి, అమ్మకి చెప్పు.

నీ నత్తమ్మ

~

వెనక వరండా

నత్తమ్మకి,

నీ మార్కులకి సంతోషం. నీ ఉత్తరానికి కాదు.

ఇంటా బయటా అన్నీ బాగున్నాయని రాసేవాళ్ళు రెండు రకాలు. ఒకరు పెళ్ళి కుదిర్చేవాళ్ళు, ఇంకొకరు ఏదో దాచేవాళ్ళు. నువ్వు పెళ్ళి కుదర్చడం లేదు. పోయిన ఉత్తరం దాకా కారిన కుళాయి ఇప్పుడు కారడం లేదా? హాస్టలు భోజనం బాగుందని లోకం పుట్టిన దగ్గర్నుంచి ఎవరైనా రాశారా? వార్డెన్‌కి ఉన్నట్టుండి సుగుణం ఎక్కడి నుంచి ఊడిపడింది?

ఆ లెటరు సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు, దాని మీద మాత్రం వానలు, భోజనం, మీ అమ్మానాన్నలు అన్నీ కప్పావు. గంప కింద పిల్లిని పెట్టి, ఇంట్లో పిల్లి లేదంటే దాని అరుపు వినబడదా? దరఖాస్తుకి గడువెప్పుడు? పెద్దసారు ఇస్తానన్నాడా, ఇచ్చాడా? ఆ రెంటికీ మధ్య మనుషుల జీవితాలు గడిచిపోతాయి. నేను చూశాను.

అసలు సంగతి రాయి. చిన్నక్షరాలతో రాసినా సరే, చదువుతాను.

నాన్నమ్మ

~

హాస్టలు

నాన్నమ్మా,

గంప ఎత్తేస్తున్నాను.

గడువు ఇంక రెండు వారాలే. వెళ్ళినప్పుడల్లా పెద్దసారు, "చూద్దాంలేమ్మా, తొందరేముంది? నువ్వు వెళ్ళిపోతే ఇక్కడ ఉత్తరాలు ఎవరు రాస్తారు?" అని నవ్వుతారు. మొన్న చివరికి, "నాకు తీరికెక్కడిది? నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పడేస్తాను" అన్నారు. మా ల్యాబులో అందరికీ అదే పద్ధతట. ఎవరి లెటరు వాళ్ళే రాసుకుంటారు.

నేను నాలుగు రోజులు కూర్చుని రాశాను. నా గురించి నేనే రాసుకోవాలంటే సిగ్గేసింది. నకలు పంపుతున్నాను. 'కష్టపడి పనిచేస్తుంది, చెప్పినట్టు వింటుంది, సెలవులు పెట్టదు' అని రాశాను. చాలదని నాకూ తెలుసు. ఇలాంటివి ఆ కాలేజీకి వందలొస్తాయి, ఇది చూసి సీటివ్వరు. ఇంకో దారి ఉంది. ఆయన ఏ కాగితమూ చదవకుండా సంతకం పెడతారు. సీసాల సంగతి కనిపెట్టింది నేనేనని ఆ లెటర్లో రాసేసి, పది కాగితాల మధ్య పెట్టేస్తే ఆయనకి తెలియను కూడా తెలియదు. నువ్వేమంటావు?

ఏదీ కుదరకపోతే వచ్చే ఏడాది చూసుకోవచ్చు. నాన్న అన్నట్టు ఉద్యోగం ఉంది కదా.

నీ నత్తమ్మ

~

వెనక వరండా. కోపంగా.

నత్తమ్మకి,

కాలేజీలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకి ఇలాంటి లెటర్లు రాసినదాన్ని నేను. మార్కులు లేని మొద్దబ్బాయికి కూడా, వాడేం చేయగలడో నాలుగు రోజులు గమనించి రాసేదాన్ని. నువ్వే రాసుకో, నేను సంతకం పడేస్తాను అంటే అది సిఫార్సు కాదు, పెళ్ళిళ్ళ ప్రకటన. ఆ పెద్దమనిషి సిగ్గుపడాల్సిన చోట నువ్వు సిగ్గుపడ్డావు! సిగ్గు కూడా ఆయన తరఫున నువ్వే పడాలా, అదీ నీ డ్యూటీలో ఉందా?

ఇక నువ్వు రాసింది. కష్టపడుతుంది, చెప్పినట్టు వింటుంది, సెలవు పెట్టదు. ఏమే, కాడెద్దుని అమ్మేటప్పుడు సంతలో చెప్పే మాటలు కదూ ఇవి? ఎద్దుకైతే పళ్ళు కూడా చూపిస్తారు. ఇన్ని నెలలు నిఘంటువు నమిలావు. వార్డెన్‌కి మాట దొరికింది, బకెట్టుకి దొరికింది, మీ నాన్నకి నేను వెతికిపెట్టాను. నీకు నువ్వు పెట్టుకోవడానికి ఒక్క మంచి మాట దొరకలేదా? పరీక్షలో అడిగినవన్నీ రాసి, నీ గురించి అడిగేసరికి నోరు పెగలలేదన్నమాట.

కాగితాల మధ్య దూర్చే ఆలోచన ఇప్పుడే మానుకో. ఒకరికి తెలియకుండా వాళ్ళ పేరు వాడుకోవడం ఆయన పద్ధతి. మన ఇంట్లో అది లేదు.

కొత్తగా రాయి. నిజం రాయి. పొగడ్త వద్దు, పని రాయి. ఆ వ్యాను, ఆ కడిగిన సీసాలు, ఆ పగిలిన పైపు రాయి. నీకు తగిన మాటలేవో నువ్వే ఏరుకో, నేను చెప్పను. తర్వాత ఆయన ఎదురుగా కూర్చుని పైకి చదువు. ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పు. ఆయన విన్నాక సంతకం పెడితే అది సంతకం. పెట్టకపోతే ఆయనెవరో నీకు తెలుస్తుంది, నువ్వెవరో ఆయనకి తెలుస్తుంది. వచ్చే ఏడాది మాట ఇంకోసారి ఎత్తితే నా చేతికర్రతో సహా బస్సెక్కుతాను.

నాన్నమ్మ

~

హాస్టలు

నాన్నమ్మా,

వేళ్ళకి సిరా ఇంకా పోలేదు. అక్షరాలు ఎలా ఉన్నా చదువు.

ఇవాళ పొద్దున లెటరు తీసుకుని పెద్దసారు గదికి వెళ్ళాను. వెనక గోడకి ఆ ప్రశంసాపత్రం. "పెట్టి వెళ్ళమ్మా, సంతకం చేస్తాను" అన్నారు. "చదివి వినిపిస్తాను సార్" అన్నాను. "ఎందుకమ్మా?" అన్నారు. "మీ పేరు మీద వెళ్తుంది కాబట్టి" అని కూర్చున్నాను. ఆయన రమ్మనకుండా ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదటిసారి.

మొదటి వాక్యంలోనే 'మెటిక్యులస్' ఉంది. ఆయన ఆపారు. "అంటే ఏంటమ్మా?" "గోరంతైనా వదలకుండా చూస్తుందని సార్." "నీ గురించేనా?" నువ్వు రాసిన ఎద్దు గుర్తొచ్చింది. "నా గురించే సార్" అన్నాను.

తర్వాత 'అస్ట్యూట్'. దానికీ అర్థం చెప్పాను, పైకి కనబడని దాన్ని పసిగట్టే బుర్ర అని. ఆయన కుర్చీలో కదిలారు. సీసాల పేరా మొత్తం చదివాను. ఆ తప్పుని కనిపెట్టింది ఈమె, నివేదిక రాసింది ఈమె అనే వాక్యం దగ్గర నా గొంతే నాకు కొత్తగా వినబడింది. ఆయన మెల్లగా, "నిజమేనమ్మా. కాదనను. కానీ అది ఇక్కడ రాయాలా?" అన్నారు.

నాన్నమ్మా, నాకు కోపం వచ్చింది. బకెట్టు మీద వచ్చినట్టు కాదు. "ఇక్కడ కాకపోతే ఎక్కడ రాయాలి సార్? గోడ మీద మీ పేరు ఉంది. రిపోర్టు మీద మీ పేరు ఉంది. నాకు మిగిలిన చోటు ఇదొక్కటే" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, బయట టైపు చప్పుడు ఆగిపోయింది.

ఆయన ఎర్రబడ్డారు. నేను చివరి దాకా చదివేశాను. "టెనేషియస్ అన్నావు చివర్లో, అదేంటి? అది మరీ ఎక్కువేమో" అన్నారు. "పట్టిన పట్టు వదలదని సార్. ఎక్కువో తక్కువో ఇప్పుడు మీరే చూస్తున్నారు కదా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు.

లెటరు పక్కకి జరిపి, "సరే, తర్వాత చూద్దాం. ముందు ఇది అర్జెంటు" అంటూ హెడ్డాఫీసు ఉత్తరం నా ముందు పెట్టారు. సీసాల తప్పు ఎలా పట్టుకున్నారో వివరంగా రాసి సాయంత్రంలోగా పంపమని, అన్ని ల్యాబులకీ నేర్పిస్తామని అందులో ఉంది. అలవాటుకొద్దీ నేను పెన్ను తీశాను. పాళీ కాగితానికి ఆనిందో లేదో ఆగిపోయాను. "నాకెలా తెలుస్తుంది సార్? రిపోర్టు మీది కదా" అన్నాను. పెన్నుకి మూత పెట్టేశాను. ఎంత గట్టిగా పెట్టానంటే మూత పగిలి, సిరా నా వేళ్ళన్నిటికీ అయింది.

ఆయన నన్ను చూశారు, వేళ్ళు చూశారు, గోడ మీది పత్రాన్ని కూడా ఒకసారి చూశారు. లెటరు దగ్గరికి లాక్కుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఒక్క మాటా కొట్టెయ్యలేదు. సంతకం పెట్టి, "నువ్వు ఇంత మాట్లాడతావని అనుకోలేదమ్మా" అన్నారు. "నేనూ అనుకోలేదు సార్" అన్నాను.

హెడ్డాఫీసుకి జవాబు రాశాను, ఈసారి నా పేరు పెట్టి. దాని మీదా సంతకం చేశారు. బయటికి వస్తే టైపిస్టమ్మ కాఫీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దరఖాస్తు లెటరుతో సహా రిజిస్టరు పోస్టులో వేసి ఇప్పుడే వచ్చాను. రశీదు మీద కూడా సిరా వేళ్ళ ముద్రలే.

సీటు వస్తుందో రాదో తెలీదు. వార్డెన్ దగ్గరికి మాత్రం రేపు పొద్దున వెళ్తున్నాను.

నీ మనవరాలు

~

మన ఇల్లు, ముందు గది

మా మనవరాలు గారికి,

మెటిక్యులస్, అస్ట్యూట్, టెనేషియస్. ఆయన విన్నాడు, అర్థం అడిగాడు, తిరిగి అన్నాడు, న్యాయం నీ వైపుంది. మూడూ లెక్కలోకి వచ్చాయి. ఇక అవి నిన్ను వదిలి పోవు, నువ్వు పొమ్మన్నా పోవు.

ఆయన సంతకం పెట్టాడని మెచ్చుకుంటావేమో, వద్దు. పెన్నుకి మూత పడితే గాని నిజం ఒప్పుకోనివాడి ఒప్పుకోలుని తూకం వేసే చూడాలి. ఆ పత్రం ఇంకా గోడ మీదే ఉందని నేను మరిచిపోలేదు. సీటు రాకపోతే ఏమవుతుందని మీ అమ్మ అడిగింది. మళ్ళీ రాస్తుంది, ఇక తన గురించి ఎద్దు మాటలు మాత్రం రాసుకోదు అన్నాను.

నీ ఉత్తరం మీ నాన్నకి పైకి చదివి వినిపించాను, వాడి ఎదురుగా కూర్చుని. "రిపోర్టు మీది కదా" అన్న చోట వాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "ఇంత నోరు దీనికెక్కడిదమ్మా?" అన్నాడు. పెన్సిళ్ళ సంగతి వాడికి గుర్తుందో లేదో తెలియదు. "ఆ కాలేజీకి ఏ బస్సు వెళ్తుంది?" అని మాత్రం అడిగాడు. ఒబ్డ్యురేట్ అనే మాట వెనక్కి తీసుకోను, కాకపోతే కాస్త వదులు చేశాను.

ఇక పని విను. వార్డెన్‌తో ఈపాటికి మాట్లాడే ఉంటావు కదా, ఇక ఆలస్యం చెయ్యకుండా పోస్టాఫీసు వీధిలో పెన్నులు బాగుచేసే దుకాణానికి వెళ్ళు. పగిలిన మూత చూపించి, దానికి సరిపోయేది, మరతో బిగించేది అడుగు. నొక్కి పెట్టేవి వద్దు, నీ కోపానికి ఆగవు. దుకాణం అతను పాళీ కూడా మారుస్తానంటాడు, వాళ్ళ అలవాటది. పాళీ మీద చెయ్యి వెయ్యనివ్వకు. అది ఇప్పుడే దారికొచ్చింది.

నాన్నమ్మ